రేపు పదకొండూ పదికి

రోజూ ఏడింటికల్లా టీచరమ్మ కారు మీద గుడ్డ తీసి, మడతపెట్టి, మెట్ల మీద పెట్టేది. తడిగుడ్డతో ముందద్దం, పొడిగుడ్డతో వెనకద్దం తుడిచేది. ఆ తర్వాత నాలుగు టైర్లనీ ఒక్కొక్కటే కాలితో తన్ని చూసేది. తన్నితే గాలి సంగతి తెలుస్తుందని ఆవిడ నమ్మకం. తెలీదు మొర్రో అని మెకానిక్కు బావ ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆవిడ మానలేదు. కారు తనది, కాలు తనది, మధ్యలో ఆయనకేం నొప్పి?

ఆవిడ బడి పంతులమ్మ కాదు, డ్రైవింగు నేర్పుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. "ఎదురొచ్చేవాడికి కళ్ళు లేవనుకో, పక్కన పోయేవాడికి బుర్ర లేదనుకో, అప్పుడు బండి తియ్యి" అనేది మొదటి రోజు పాఠం. ఎంత రానివాళ్ళ చేతికి కారిచ్చినా ఆవిడకి భయం లేకపోవడానికి కారణం ఒక్కటే. పక్కసీట్లో ఆవిడ కాలి దగ్గర రెండో బ్రేకు ఉంటుంది. నడిపేవాళ్ళు ఎంత గాభరాపడనీ, ఆవిడ కాలు నొక్కితే బండి నిలబడిపోతుంది.

ఈ కారు కొని పది నెలలైంది. వెనకసీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యనే లేదు. అలాంటి కారులో సోమవారం పొద్దున ఇంజిన్లోంచి టక్ టక్‌మని చప్పుడు మొదలైంది.

గులకరాయేదో ఇరుక్కుందిలే అనుకుంది. మంగళవారం కూడా వినపడింది. బుధవారం కంపెనీవాళ్ళ సర్వీసింగుకి తీసుకెళితే, తెల్లచొక్కాలో ఒకాయన వచ్చి, కారుకీ లాప్‌టాప్‌కీ మధ్య వైరు తగిలించి, తెర మీద చాలాసేపు చూశాడు.

"ఏ లోపమూ చూపించట్లేదు మేడమ్. కొత్త ఇంజిన్ కదా, అలవాటు పడాలి."

"నేనా, ఇంజినా?"

"ఇద్దరూ మేడమ్" అన్నాడు ఆ మహానుభావుడు. ఒక కప్పు టీ ఇచ్చి పంపించాడు. చప్పుడు కూడా ఆవిడతోపాటే ఇంటికొచ్చింది.

అప్పట్నుంచీ ఆవిడకి అదే ధ్యాస. చప్పుడు పెద్దదేం కాదు. బండి జోరు మీద ఉంటే అసలు రాదు. నెమ్మదిగా పోతున్నప్పుడూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడూ వచ్చేది. ఎవరో తలుపు కొడుతున్నట్టు, తియ్యకపోతే కాసేపు ఊరుకుని మళ్ళీ కొడుతున్నట్టు. నేర్చుకునేవాళ్ళు ఏం అడుగుతున్నారో కూడా చెవికెక్కేది కాదు. పైగా శుక్రవారం మందుల షాపాయనకి లైసెన్సు టెస్టు. పాపం, ఆయన ఇప్పటికి మూడుసార్లు తప్పాడు. మనిషి బంగారం. కాకపోతే గాభరా పుడితే బ్రేకు తొక్కబోయి ఆక్సిలరేటర్ తొక్కుతాడు. ఆయన్ని పక్కన పెట్టుకుని టక్ టక్‌మనే కారులో, టెస్టుకి పోయే దారిలోని పెద్ద వంతెన దిగడమంటే మాటలా?

గురువారం పదిన్నరకి కారేసుకుని బావ షెడ్డుకి వెళ్ళింది.

బావ అంటే ఆవిడ అక్క మొగుడు. ఊరంతా ఆయన్ని రేపు మెకానిక్ అంటారు. కుడిచెవి మన చెవుల్లాంటిదే. ఎడమచెవికి మాత్రం రేపు వినపడుతుంది. సరిగ్గా ఒక రోజు ముందు, నిమిషం అటూ ఇటూ కాకుండా. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి ఎడమచెవికి పెట్టుకున్నాడంటే, ఆ బండి దగ్గర రేపు ఇదే వేళకి అయ్యే చప్పుళ్ళన్నీ ఇవాళే వినేస్తాడు. దూరాలు పోయే లారీలవాళ్ళు ఒకసారి వినిపించుకుని మరీ బయల్దేరేవాళ్ళు. "రేపీపాటికి రేడియేటరు పగులుతుంది, నీళ్ళు పెట్టుకో" అంటే పెట్టుకునేవాళ్ళు. రేడియేటరు ఎటూ పగిలేది, విన్నది జరక్క మానదు. నీళ్ళు దగ్గరుండేవి, అదొక్కటే తేడా.

పని లేనప్పుడు ఆయన ఆ చెవిలో దూది పెట్టుకునేవాడు. మూడేళ్ళ కిందటిదాకా ఆ అలవాటు లేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో అన్నానికి కూర్చుంటే, ఇల్లంతా జనం ఏడుస్తున్న చప్పుడు ఎడమచెవిలో పడింది. ఎదురుగా భార్య మంచినీళ్ళ గ్లాసు పెడుతోంది, నిక్షేపంలా ఉంది. ఆ పూటా మర్నాడు పొద్దునా ఆయన షెడ్డు తియ్యలేదు, ఆమె వెనకాలే వంటింట్లోకీ పెరట్లోకీ తిరిగాడు. "ఏవిటీ, ఇవాళ ప్రేమ పొంగిపోతోంది?" అని ఆమె నవ్వింది కూడా. ఆ తర్వాత ఆయన మనుషుల్ని వినడం మానేశాడు. బండ్లనే వింటాడు.

"రావమ్మా మరదలా. టైర్లు తన్నే వచ్చావా?"

"వేళాకోళాలు తర్వాత బావా. ముందు ఇది విను."

ఆయన బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్టు చేయించి, స్క్రూడ్రైవరు కుడిచెవికి పెట్టుకున్నాడు. ఇంజిన్ తల మీద ఆనించి విన్నాడు. నీళ్ళ పంపు మీద విన్నాడు. ఆయిలు చూశాడు, నిండుగా ఉంది. ఇంజిన్ ఆపించి, బెల్టు ఊడదీసి, మళ్ళీ ఒక్క నిమిషం తిప్పమన్నాడు. టక్ టక్ పోలేదు. అంటే బెల్టు కాదు, బెల్టుతో తిరిగేవేవీ కావు. బెల్టు మళ్ళీ బిగించి, ఇంజిన్ స్టార్టు చేయించాడు.

"మరేంటి బావా?"

"ఇంట్లో దొంగెవరో తెలీనప్పుడు ఒక్కొక్కర్నే అవతలికి పంపుకుంటూ రావాలి. చివరికి మిగిలినవాడే దొంగ. కంగారు పడకు" అని గోడ గడియారం చూశాడు. పదకొండూ పది కావస్తోంది. "ఎటూ ఇక్కడే ఉన్నావుగా, రేపీపాటికి ఎలా ఉంటుందో కూడా చూసేద్దాం" అని దూది తీశాడు.

స్క్రూడ్రైవరు ఎడమచెవికి పెట్టుకున్న మనిషి మొహంలో నవ్వు అలాగే ఉండి, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. ఆ తర్వాత నవ్వు కూడా పోయింది. టీచరమ్మ ఆయన మొహంకేసే చూస్తూ నిలబడింది. రెండు నిమిషాలుంటుందేమో, ఆయన ఉన్నట్టుండి స్క్రూడ్రైవరు లాగేసి, దూది చెవిలో కుక్కుకున్నాడు.

"ఏం విన్నావు?"

"ఏం లేదు. బానే ఉంది."

"బావా! అక్క దగ్గర దాచావు, సరే. నా దగ్గర కుదరదు. చెప్పు."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. ఆవిడకేసి కాకుండా నేలకేసి చూస్తూ చెప్పాడు. "నీ గొంతు వినపడింది. 'బ్రేకు, బ్రేకు' అని అరిచావు. ఆ వెంటనే ఇంజిన్ మోత. ఏదో గట్టిగా తగిలింది. అద్దం పగిలింది. తర్వాత హారన్, ఆగకుండా మోగుతూనే ఉంది. ఎవరో మగాయన 'మేడమ్, మేడమ్' అని పిలుస్తున్నాడు."

"నేనేమన్నాను?"

బావ స్క్రూడ్రైవరుని పాతగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"నేనేమన్నాను బావా?"

"నువ్వు పలకలేదు. హారన్ ఆగింది, ఇంజిన్ ఆగింది, నువ్వు పలకలేదు. అంతే, తీసేశాను."

టీచరమ్మ కారు తలుపు పట్టుకుంది. "తీసేశావా? ఇంకొక్క నిమిషం వినడానికేం? తర్వాత పలికానేమో! పెట్టు, ఇప్పుడు పెట్టు!" అని స్క్రూడ్రైవరు లాక్కోబోయింది. ఆయన దాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"వినను. చంపినా వినను."

ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది, టక్ టక్‌మంటూనే ఉంది. భయంతో వచ్చిన కోపం ఆవిడకి ముందు ఆ చప్పుడు మీదకే పోయింది. "కనీసం అదేంటో తేల్చు. నా ప్రాణం తీసేదెవరో నాకు తెలియాలి" అంది.

ఆయన లేచి మళ్ళీ కుడిచెవితో మొదలుపెట్టాడు. ఇంజిన్‌కీ లోపల కూర్చున్నవాళ్ళ కాళ్ళకీ మధ్య అడ్డంగా ఉండే రేకు మీద ఆనించేసరికి చప్పుడు ఖణేల్‌మని తగిలింది. "ఇంజిన్‌ది కాదే ఇది" అని గొణుక్కుంటూ, టార్చిలైటు తీసుకుని, ముందుసీటు దగ్గర వెల్లకిలా దూరాడు. కాళ్ళు బయట, తల లోపల. కాసేపటికి లోపల్నుంచి చప్పుడు ఆగింది. మనిషి మాత్రం బయటికి రాలేదు.

"బావా?"

"దొరికింది" అన్నాడు. గొంతు ఆయనది కాదన్నట్టుంది.

రెండో బ్రేకుని అసలు బ్రేకుతో కలిపే కడ్డీ ఒకటుంటుంది. దాన్ని పట్టుకుని ఉండే నట్టు వదులై చివరి రెండు మరచుట్ల దాకా వచ్చేసింది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగినప్పుడల్లా ఆ కడ్డీ అదిరి రేకుని కొడుతోంది. ఇంకో నాలుగు గట్టి తొక్కుళ్ళకి ఊడి కింద పడేది. నట్టు అదురుకి వదులవకుండా దాని మీద ఇంకో నట్టు బిగించాలి. ఆ రెండో నట్టు లేనే లేదు. కంపెనీవాళ్ళు రెండో బ్రేకు పెట్టరు. పది నెలల కింద, మరదలు కొత్త కారు కొందని మురిసిపోతూ, తన చేతులతో దాన్ని పెట్టింది బావే.

ఆయన లేచి కూర్చున్నాడు. జుట్టంతా దుమ్ము. "రెండో నట్టు ఆ వేళ దొరకలేదు. ఎడమచెవితో విన్నాను, రేపటికి బానే ఉంది. సరే, రేపు బిగిద్దాంలే అనుకున్నాను. మర్నాడు మళ్ళీ విన్నాను, బానే ఉంది. ఇంక మర్చేపోయాను. రేపు బాగుంటే చాలనుకునే అలవాటైపోయింది నాకు. ఎల్లుండి సంగతి ఈ దిక్కుమాలిన చెవికేం తెలుసు?"

ఇంకెవరైనా అయితే మొదటిరోజే రెండు నట్లూ బిగించేవాడు. రేపు వినపడదు కాబట్టి భయపడి బిగించేవాడు. ఆ మాట టీచరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేసింది.

ఆయన నట్టు బిగించాడు, దాని మీద ఇంకోటి బిగించాడు, చాలదన్నట్టు మూడోది కూడా బిగించాడు. ఆవిడ కూర్చుని తొక్కి చూసింది. బ్రేకు రాయిలా ఉంది. ఇంజిన్ హాయిగా తిరుగుతోంది, టక్ లేదు, టిక్ లేదు. చప్పుడు పోయింది గానీ భయం పోలేదు. విన్నది జరక్క మానదు కదా.

మందుల షాపాయనకి ఫోన్ చేసింది. "రేపు మనం టెస్టుకి వెళ్ళడం లేదండీ."

"అదేంటి మేడమ్! మళ్ళీ రెండు నెలలు ఆగాలి! ఇస్త్రీ చొక్కా కూడా రెడీగా పెట్టుకున్నాను!"

"రేపు మెకానిక్ విన్నాడండీ. పదకొండూ పదికి." ఏమేం విన్నాడో చెప్పింది.

"ఆ మగగొంతు నాదే అయ్యుంటుంది" అన్నాడాయన, చిన్నగా. "అవును గానీ మేడమ్, విన్నాక జరక్క మానదు కదా. మనం బండి తియ్యకపోతే ఎలా జరుగుతుందంటారు? ఇంటి ముందు పెట్టిన బండి మీదకి లారీ ఏదైనా వస్తుందా? మీరు మరి ఆ టైముకి కారు తుడుస్తూ ఉంటారా?"

టీచరమ్మకి హాస్టల్లో చదువుకుంటున్న కూతురు కళ్ళ ముందు మెదిలింది. పొద్దున ఫోన్ చేసిన పిల్లని, "పాఠం టైముకి ఫోనేంటే" అని కసిరి పెట్టేసింది. అదే ఆఖరి మాటవుతుందా? ఫోను చెవికి పెట్టుకునే ఉంది గానీ ఏమీ వినపడడం లేదు. అవతల ఆయన "మేడమ్... మేడమ్!" అని పిలుస్తున్నాడు. ఎన్నిసార్లు పిలిచాడో. "మేడమ్! పలకరేంటి మేడమ్!"

ఆవిడ ఉలిక్కిపడింది. ఫోనుకేసి చూసింది. బావకేసి చూసింది.

"బావా, నువ్వు నెత్తురు చూశావా?"

"చెవికి కళ్ళుంటాయా? విన్నాను."

"ఈయన ఇప్పుడు పది సార్లు మేడమ్ మేడమ్ అన్నాడు. నేను పలకలేదు. చచ్చిపోయానా? విన్నదే కదా జరగాల్సింది. విన్నదాన్ని మనమే జరిపిద్దాం."

బావకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అద్దమో?"

"పగలగొడదాం."

"కొత్త కారే!"

"నేను మిగిలితే ఇంకో అద్దం వేయించుకుంటాను. అద్దం మిగిలితే ఇంకో నన్ను వేయించుకోలేదు కదా." తర్వాత అడిగింది, "ఇంకేమైనా విన్నావా? ఒక్కటి తప్పినా లాభం లేదు. బాగా ఆలోచించి చెప్పు."

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. "అంతే. రేపు నేను మాత్రం నీ పక్కనే ఉంటాను."

ఆ సాయంత్రం ఆవిడ కూతురికి ఫోన్ చేసి, ఏం తిన్నావు, జుట్టుకి నూనె రాసుకున్నావా అని గంటసేపు అడిగింది. "అమ్మా, నీకేమైందివాళ?" అని ఆ పిల్ల విసుక్కుంటే, ఆ విసుగు కూడా తీయగా ఉంది. చెబుదామా అనిపించింది. నోరు రాలేదు.

శుక్రవారం పదింటికే షెడ్డు గేటు మూసేశారు. కారు లోపలి గోడకి దూరంగా పెట్టి, నాలుగు చక్రాలకీ ఇటుకలు అడ్డంపెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులోంచి తీసేశారు. మందుల షాపాయన ఇస్త్రీ చొక్కా వేసుకునే వచ్చాడు. స్టీరింగు ముందు కూర్చుని, మొహం తుడుచుకుని, "నేను తప్పు చేస్తే మేడమ్?" అన్నాడు.

"మీరు తప్పు చేస్తేనే కావాలి ఇవాళ" అంది టీచరమ్మ. పక్కసీట్లో కూర్చుని ఒళ్ళో జాకీ రాడ్డు పెట్టుకుంది. చేతులు చెమటకి జారుతున్నాయి. బావ బయట, ఆవిడ తలుపు పక్కన, గడియారానికి ఎదురుగా నిలబడ్డాడు. ఇంజిన్ స్టార్టు చేశారు. ఏ గోడ కూలుతుందో, ఏ పక్కనుంచి ఏం వచ్చి మీద పడుతుందో, తాము చేసేది సరిపోతుందో చాలదో ఎవరు చెప్పగలరు? ఇంతవరకు ఇలా ఎవరూ చెయ్యలేదు.

పెద్దముల్లు పది నిమిషాల గీత మీదకొచ్చింది. బావ చెయ్యి దించాడు.

"బ్రేకు! బ్రేకు!" అని అరిచింది టీచరమ్మ.

ఆ అరుపుకి మందుల షాపాయన నిజంగానే హడలిపోయి, ఎప్పట్లాగే, ఆక్సిలరేటర్ మీద కాలు దించేశాడు. ఇంజిన్ షెడ్డు అదిరేలా మోగింది. ఆవిడ రాడ్డెత్తి తన పక్క అద్దాన్ని కొట్టింది. ధన్‌మంది, పగల్లేదు. కళ్ళు మూసుకుని రెండోసారి బలమంతా పెట్టి కొట్టింది. అద్దం భళ్ళున రాలి ఒళ్ళో పడింది, జుట్టులో పడింది. నుదుటి మీద ఎక్కడో చురుక్కుమంది.

మందుల షాపాయన రెండు చేతులూ హారన్ మీద వాల్చేశాడు. టీచరమ్మ తల వెనక్కి వాల్చి ఊరుకుంది. ఇక పలక్కూడదు. దగ్గకూడదు. అమ్మా అని కూడా అనకూడదు.

"మేడమ్" అన్నాడాయన, అప్పజెప్పిన పాఠంలా. తర్వాత ఆవిడ నుదుటి మీదనుంచి నెత్తురు సన్నగా జారి కనుబొమ్మ మీదకి రావడం చూశాడేమో, "మేడమ్! మేడమ్!" అని గొంతు మారిపోయింది. ఇదే, బావ విన్న గొంతు ఇదే అయ్యుంటుంది అనుకుందావిడ. లోపల భయం నాలుక మీదకి వస్తోంది. బానే ఉన్నానండీ అని ఒక్క మాట అంటే ఆయన గుండె కుదుటపడుతుంది. పళ్ళు కరిచిపట్టుకుంది.

అప్పుడు వినపడింది, లెక్కలో లేని చప్పుడు. పగిలిన కిటికీలోంచి, చెవి పక్కనే, మగమనిషి ఏడుపు. ముందు ఒక వెక్కు. ఆ తర్వాత, పట్టుకుందామన్నా పట్టుబడని ఏడుపు, నోరు తెరుచుకుని పిల్లాడిలా. అక్క పోయినప్పుడు జనం ముందు కళ్ళు కూడా తుడుచుకోని మనిషి. "పలకవే తల్లీ, పలకవే" అంటున్నాడు.

ఇది నాకు చెప్పలేదే, అనుకుంది టీచరమ్మ. ఇంకా ఏమేం చెప్పలేదో! నేను నిజంగానే పోయానా ఏమిటి, నాకే తెలీడం లేదా? కాళ్ళ వేళ్ళు కదిపి చూసుకుంది. కదిలాయి. కళ్ళు తెరవాలనుంది, ఆయన చెయ్యి పట్టుకోవాలనుంది. పలక్కూడదు. ఇంజిన్ ఆగలేదు ఇంకా.

హారన్ ఆగింది. మందుల షాపాయన చేతులు తాళంచెవి కోసం తడుముకుంటున్నాయి. ఎంతసేపు! తిరిగింది. ఇంజిన్ ఆగిపోయింది.

"బావా" అంది టీచరమ్మ, కళ్ళు తెరవకుండానే. "ఇప్పుడు పలకొచ్చా?"

మందుల షాపాయన స్టీరింగు మీద తల వాల్చి దేవుడా దేవుడా అనుకుంటున్నాడు. ఆవిడ మొహం తిప్పి చూసింది. బావ కిటికీ పట్టుకుని నిలబడి ఉన్నాడు, మొహమంతా తడి. పలికిందన్నది ఇంకా నమ్మకం కుదరనట్టు ఆవిడ పెదాలకేసే చూస్తున్నాడు.

"ఆ ఏడుపు కూడా నిన్న విన్నావా?"

విన్నానన్నట్టు తలూపాడు.

"ఎవరిదో తెలిసిందా?"

"నా గొంతు నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేం? తప్పిపోయి ఉంటేనో? అది లేకపోతే మన తిప్పలన్నీ గంగలో కలిసేవి కదా!"

"చెబితే నువ్వు ఏడవమనేదానివి" అన్నాడు బావ. "ఏడవమంటే నాకు రాదే. నిన్నట్నుంచీ అదే భయం, రేపు ఏడుపు నిజంగా వస్తుందేమోనని ఒక భయం, రాకపోతేనో అని ఇంకో భయం." లోపలికి చెయ్యి పెట్టి, ఆవిడ జుట్టులోంచి అద్దం ముక్కలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. "కదలకు. గుచ్చుకుంటాయి."

ఆవిడ కదల్లేదు. గోడ మీద పదకొండూ పదమూడు దాటింది. ఆ నిమిషాన్ని ముందుగా ఎవరూ వినలేదు.